ప్రశ్న నుంచి ప్రవేశ ఫారం దాకా: పల్లె హైస్కూలు ఉపాధ్యాయులకు ఒక మార్గదర్శి

కొన్నేళ్ల కిందట మా బడిలో పదో తరగతి మంచి మార్కులతో పాసైన ఒక కుర్రవాడు పట్నంలో ఇంటర్ ఎంపీసీలో చేరాడు. దసరా సెలవులకు ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లలేదు. సంక్రాంతికి పొలం గట్టు మీద కనిపిస్తే కూర్చోబెట్టి అడిగాను. లెక్కలు కష్టమా అంటే కాదన్నాడు. హాస్టల్లో తిండి బాగాలేదా అంటే అదీ కాదన్నాడు. చాలాసేపు నేలచూపులు చూసి, "అర్థం కాలేదని అక్కడ ఎలా చెప్పాలో తెలియలేదు సార్" అన్నాడు.

ఆరు నుంచి పది దాకా ఐదేళ్లు నా తరగతిలో కూర్చున్న పిల్లవాడు. ఆ ఐదేళ్లూ ప్రతి పాఠం చివర నేను "సందేహాలున్నాయా?" అనడం, తరగతంతా ఒక్క గొంతుతో "లేవు సార్" అనడం, నేను డస్టరు అందుకోవడం. ఆ "లేవు సార్" వాడికి నేర్పింది నేనే.

పల్లె ఉన్నత పాఠశాలలో ప్రశ్నించే చదువును ఎలా మొదలుపెట్టాలి, దాన్ని పదో తరగతి మార్కులకూ, ఆ తర్వాతి చదువులకూ ఎలా ముడిపెట్టాలి అన్నది నేను తప్పులు చేస్తూ నేర్చుకున్న వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. నేను సాంఘికశాస్త్రం చెబుతాను కాబట్టి ఉదాహరణలు అటే మొగ్గుతాయి. డెల్టా ప్రాంతంలో పని చేస్తాను కాబట్టి వరి, కౌలు ఎక్కువ కనిపిస్తాయి. మీది పత్తి ఊరైతే పత్తి, మగ్గాల ఊరైతే నూలు పెట్టుకోండి.

ఈ మాట ఎక్కడిది

ఈ ప్రశ్నించే చదువుకు పుస్తకాల్లో ఉన్న పేరు విమర్శనాత్మక బోధన. ఆ మాటను మనలో చాలామంది బీఈడీలో రెండు మార్కుల ప్రశ్నగా చదివి, డీఎస్సీ రాశాక మరిచిపోయాం. దాని వెనక ఉన్న మనిషి బ్రెజిల్‌కు చెందిన విద్యావేత్త పాలో ఫ్రేరి. 1963లో అంగికోస్ అనే చిన్న పట్టణంలో ఆయన బృందం సుమారు 300 మంది కూలీలకు దాదాపు 40 గంటల పాఠాలతో చదవడం, రాయడం నేర్పింది. అ, ఆలతో మొదలుపెట్టలేదు. కూలీల బతుకులో రోజూ తిరిగే మాటలను ఎంచుకున్నారు. ఇటుక అన్న మాట తీసుకుంటే, దాన్ని అక్షరాలుగా విడగొట్టడంతో పాటు ఈ ఇటుక ఎవరు కాలుస్తారు, ఇల్లు ఎవరికి లేదు అన్న చర్చ కూడా నడిచేది. మరుసటి ఏడాది సైనిక ప్రభుత్వం వచ్చి ఆయనను 70 రోజులు జైల్లో పెట్టింది, తర్వాత దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. గురువు డబ్బు వేస్తూ పోతాడు, విద్యార్థి ఖాతాలా పడి ఉంటాడు, పరీక్ష రోజున తీసి ఇస్తాడు అని మామూలు చదువును ఆయన బ్యాంకుతో పోల్చాడు. మన గైడ్లు, బిట్ బ్యాంకులు చూస్తే ఆ పోలికకు వివరణ అక్కర్లేదు.

అయితే ఇది బ్రెజిల్ సరుకు అనుకోనక్కర్లేదు. పుణేలో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తా సాల్వే అనే మాంగ్ కులపు బాలిక 1855లో తన వాళ్ల దుఃఖం గురించి రాసిన వ్యాసం ఒక పత్రికలో అచ్చయింది. వేదాలు మావి కావంటే మా మతగ్రంథం ఏది అని అడిగిన పిల్ల ఆమె. మనకు ఇంకా దగ్గరగా నెల్లూరు జిల్లా ఉంది. 1991లో మొదలైన అక్షరదీపం కార్యక్రమంలో ఆడవాళ్లు చదివిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుబోతు భర్త, ఊళ్లో సారా దుకాణం, ఆడవాళ్లు కలిసి దాన్ని మూయించడం. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠాన్ని చదివి ఊరుకోలేదు, చేసి చూపించారు. 1993 అక్టోబరు నాటికి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒక వాచక పాఠానికి ఎంత పని చేసే శక్తి ఉందో చెప్పడానికి నాకు అంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

నాకు రెండు రకాల ఉపాధ్యాయులతో పేచీ ఉంది. "ఇవన్నీ పెట్టుకుంటే సిలబస్ ఎప్పుడవుతుంది మాస్టారూ" అనేవారు ఒక రకం. మార్కులు, ర్యాంకులు అన్నీ వ్యవస్థ కుట్ర అని పల్లె పిల్లలకు చెప్పి, సొంత పిల్లలను మాత్రం కార్పొరేట్ కాలేజీలో చేర్పించేవారు రెండో రకం. మొదటివారు పిల్లవాడికి నోరు లేకుండా చేస్తారు. రెండోవారు నోరిచ్చి చేతిలో మెమో లేకుండా చేస్తారు. పిల్లలకు రెండూ కావాలి.

మొదటి అడుగు: ముందు మీ తరగతినే చదవండి

రెండు వారాల పాటు ఏమీ మార్చకండి. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని మూడు విషయాలు మాత్రం రాసుకోండి. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు. నేను ఎవరిని పేరు పెట్టి పిలిచాను. ఎవరు తమంతట తాము నోరు విప్పారు.

మొదటిసారి ఈ లెక్క తీసినప్పుడు నాకు సిగ్గేసింది. నలభై మందిలో నేను మాట్లాడుతున్నది తొమ్మిది మందితో. అందులో ఏడుగురు ముందు రెండు బల్లల మీది వాళ్లు. కాలనీ నుంచి వచ్చే అమ్మాయిల పేర్లు హాజరు పిలిచేటప్పుడు తప్ప నా నోట రావడం లేదు. కులం గురించి పాఠం చెబుతున్నంత సేపూ తరగతిలో బల్లల వరుస ఆ పాఠాన్నే వేరే రకంగా చెబుతోంది.

సరిచేయడానికి ఉపన్యాసం వద్దు. చీటీలతో బల్లలు మార్చండి, వారానికోసారి. ఊడ్చే పని, నీళ్ల కుండ పని, మధ్యాహ్న భోజనం వడ్డించే పని వంతుల పట్టికలో పెట్టండి, మగపిల్లల పేర్లతో సహా. "సందేహాలున్నాయా?" అనే ప్రశ్నను పూర్తిగా మానేయండి. దాని బదులు పీరియడ్ చివర నాలుగు నిమిషాలు ఇచ్చి, ప్రతి ఒక్కరూ అర్థం కాని ఒక్క సంగతి పేరు లేకుండా చీటీ మీద రాయాలని చెప్పండి. మొదటి వారం సగం చీటీలు ఖాళీగా వస్తాయి. మరుసటి రోజు పాఠాన్ని ఆ చీటీల్లో ఒకటి చదివి, దాని జవాబుతో మొదలుపెట్టండి. మూడో వారానికి చీటీలు నిండుతాయి. "సార్ మీరు వేగంగా చెప్తున్నారు" అని కూడా వస్తుంది. అది మొదటి జీతమనుకోండి.

రెండో అడుగు: ఊరి మాట ఒకటి ఎంచుకోండి

ఫ్రేరి ఇటుకలాగా మీ ఊళ్లో తిరిగే మాటల జాబితా పిల్లలతోనే రాయించండి. మా జాబితాలో కౌలు, వడ్డీ, బోరు, దాళ్వా, కువైట్, కట్నం, ఫించను, హాస్టల్ వచ్చాయి. నల్లబల్ల నిండింది. అందులో పాఠానికి పనికొచ్చే మాటను ఎంచుకోవడానికి నేను మూడు షరతులు పెట్టుకుంటాను. ఆ నెల సిలబస్‌లో దానికి చోటుండాలి. తరగతిలో ప్రతి ఒక్కరికీ దాని గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. దానివల్ల ఏ పిల్లవాడి ఇంటి గుట్టూ బజారున పడకూడదు.

మూడో షరతు మొదట్లో నాకు లేదు. దాని కథ తర్వాత.

మూడో అడుగు: కౌలు లెక్క, నాలుగు పీరియడ్లు

దీన్ని కాస్త విడమరిచి చెబుతాను, ఎందుకంటే మొత్తం పద్ధతి ఇందులోనే ఉంది. తొమ్మిదో తరగతి, పాలంపూర్ గ్రామం పాఠం. (తెలంగాణ మిత్రులకు పదిలో రాంపురం ఉంది, అదే పని చేస్తుంది.)

మొదటి పీరియడ్. పుస్తకం తెరవలేదు. నల్లబల్ల మీద కౌలు అని రాసి ఊరుకున్నాను. "మా నాన్న కౌలు చేస్తాడు" అన్నాడు ఒకడు. "మా పొలం కౌలుకిచ్చాం" అంది ఒక అమ్మాయి. "కౌలు కార్డుకు సంతకం పెట్టమంటే పెట్టరు సార్" అని వెనక బల్ల నుంచి ఒక గొంతు. అన్నీ బల్ల మీద రాశాను, ఏదీ తప్పనలేదు, ఒప్పనలేదు. ఇంటికి వెళ్లి ఎకరా వరికి అయ్యే ఖర్చులు పెద్దవాళ్లను అడిగి రమ్మన్నాను. ఎవరి పొలం అన్నది రాయకూడదని చెప్పాను.

రెండో పీరియడ్. ఈసారి గణితం మాస్టారిని కూడా పిలిచాను. పిల్లలు తెచ్చిన అంకెల్లో మధ్యస్థమైనవి తీసుకున్నాం. అవి మీ ఊళ్లో వేరుగా ఉంటాయి, ఈ లెక్క ఉదాహరణకు మాత్రమే. ఎకరాకు 32 బస్తాలు, బస్తా 75 కిలోలు. సాధారణ రకం ధాన్యానికి 2024-25 మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు కాబట్టి బస్తా 1,725. మొత్తం 55,200. కౌలు 14 బస్తాలు, అంటే 24,150. దమ్ము 6,000, విత్తనం నారు 2,000, నాట్లు 5,500, ఎరువులు 5,000, పురుగుమందులు 3,500, కలుపు 2,500, కోత మిషను 3,500, బండి 1,000. కలిపితే 29,000.

ఎంత మిగిలిందని అడిగాను. కూడికలు తీసివేతలు అయ్యాక 2,050 అన్నారు. పంట నాలుగు నెలలు, 120 రోజులు. భాగిస్తే రోజుకు 17 రూపాయలు. ఒకడు లెక్క తప్పిందని మళ్లీ చేశాడు. మళ్లీ 17 వచ్చింది.

ఆ నిశ్శబ్దంలో మీరు మాట్లాడకండి. నాకు పెద్ద ఉపన్యాసం గొంతుదాకా వచ్చింది, మింగేశాను. పొలం కౌలుకిచ్చిన ఇంటి అమ్మాయి లేచి, "మాది ఒక్క ఎకరమే సార్. మా అన్న కాలేజీ ఫీజు ఆ కౌలుతోనే కడతాం" అంది. కొద్దిసేపటి క్రితం విలన్‌గా కనిపించిన భూమి యజమాని తరగతిలో రెండో బల్ల మీద జడ వేసుకుని కూర్చుంది. ఏ పిల్లల తల్లిదండ్రులనూ దోషులుగా నిలబెట్టే పాఠం చెప్పకండి. ప్రశ్న మనిషి మీద కాకుండా ఏర్పాటు మీద నిలవాలి. బస్తాల్లో కౌలు పెడితే పంట పోయినప్పుడు నష్టం ఎవరిది? 32లో 14 అంటే ఎంత శాతం? (43.75.) దిగుబడి 24కు పడిపోతే అదే కౌలు ఎంత శాతమవుతుంది? శాతాల అధ్యాయం అక్కడే అయిపోయింది.

మూడో పీరియడ్. ఇప్పుడు పుస్తకం. పాలంపూర్‌లో 450 కుటుంబాలు. 150 కుటుంబాలకు భూమి లేదు, 240 కుటుంబాలకు రెండు హెక్టార్ల లోపు, 60 కుటుంబాలకు అంతకు మించి ఉంది. మన ఊరితో పోల్చమన్నాను. చదువుతూ చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగారు. సవిత అనే చిన్న రైతు తేజ్‌పాల్ సింగ్ దగ్గర నాలుగు నెలలకు 24 శాతం వడ్డీకి అప్పు తీసుకుంది. "సార్, ఇది ఏడాదికి 24 అయితే మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీ. నాలుగు నెలలకే 24 అయితే ఆరు రూపాయల వడ్డీ. ఏది?" నిజమే, ఆ వాక్యం రెండు రకాలుగానూ అర్థమవుతుంది. ఎన్నేళ్లుగానో ఆ పాఠం చెబుతున్న నాకు అది తట్టలేదు. ఆ ప్రశ్న వేసినవాడు అంతకుముందు స్లిప్ టెస్టులో ఇరవైకి ఆరు తెచ్చుకున్నవాడు.

నాలుగో పీరియడ్. చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. ఒప్పందం 11 నెలలకు. దానివల్ల యజమాని భూమి హక్కు పోదు. మరి సంతకానికి ఎందుకు జంకుతారు? తరగతిని రెండుగా చేసి ఒక జట్టును యజమానిగా, ఒక జట్టును కౌలుదారుగా వాదించమన్నాను. కౌలు రైతు కొడుకును యజమాని జట్టులో వేశాను. కావాలనే. అవతలి వాదాన్ని తన నోటితో చెప్పి, ఆపైన దాన్ని తప్పనగలిగినవాడే రేపు కాలేజీలో వ్యాసం రాయగలడు.

ఇలాంటి పాఠాలు ఏడాదికి నాలుగు చాలు. అంతకంటే ఎక్కువ చేస్తానని మొదట్లో ఉబలాటపడి, డిసెంబరులో సిలబస్ కోసం పరుగులు తీశాను.

నేను చేసిన తప్పు

ఆ మూడో షరతు సంగతి. ఒక ఏడాది అప్పు అనే మాట ఎంచుకున్నాను. ఇంట్లో ఎంత అప్పు, ఎవరి దగ్గర, ఎంత వడ్డీ అని పేర్లతో సహా పట్టిక వేయించాను. సమాచార సేకరణ బాగా జరిగిందని మురిసిపోయాను. ఆ పట్టికలోని వడ్డీ వ్యాపారి మా తరగతిలో ఒకడికి మేనమామ. సాయంత్రానికి సంగతి ఆయన గుమ్మం చేరింది, రాత్రికి ఒక ఇంటి ముందు గొడవ. ఆ ఇంటి అమ్మాయి మూడు రోజులు బడికి రాలేదు. నేను వెళ్లి ఆమె తండ్రికి క్షమాపణ చెప్పాను. ఆయన నన్ను ఏమీ అనలేదు, మంచం వాల్చి టీ ఇప్పించాడు. అది ఇంకా బాధించింది.

అప్పటి నుంచి పద్ధతి ఇది. అప్పు, కులం, తాగుడు, కట్నం, ఇంట్లో కొట్లాటల మీద ఇంటింటి సమాచారం అడగను. అంకెలు పేరు లేని చీటీల మీదే. వాటిని కూడా కలిపి సగటు తీశాక చించేస్తాను. ప్రధానోపాధ్యాయుడికి పాఠ్యప్రణాళికలో ముందే రాసి చూపిస్తాను. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో ఊరి విషయాల జోలికి పోను. ఏ పార్టీ పేరూ నల్లబల్ల ఎక్కదు. ఊళ్లో ఎవరైనా "పిల్లలకు రాజకీయాలు నేర్పుతున్నారట" అంటే, పాఠ్యపుస్తకమే చేతిలో పెడతాను. ఎలాగంటే...

నాలుగో అడుగు: నల్లబల్ల మీది ప్రశ్నను జవాబు పత్రంలోకి తేవడం

రెండు తెలుగు రాష్ట్రాలు ఉమ్మడిగా ఉన్నప్పుడు తయారైన సాంఘికశాస్త్ర పుస్తకాల విద్యాప్రమాణాల్లో "సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, ప్రశ్నించడం" అని ఒక ప్రమాణం అచ్చులోనే ఉంది. అంటే ప్రశ్నించడానికి మార్కులున్నాయి. మనమే దాన్ని "ఏమైనా నాలుగు వాక్యాలు రాసేయండిరా" అని చెప్పి వదిలేశాం. ఫార్మేటివ్ పరీక్షల్లోని ప్రాజెక్టు పనికి దుకాణంలో కొన్న బొమ్మల చార్టులు అంటించడం కూడా అలాంటి వృథానే. కౌలు లెక్క నాలుగు పేజీల ప్రాజెక్టు. ప్రశ్న, సమాచారం ఎలా సేకరించాను, పట్టిక, నేను గమనించింది, నాకింకా తెలియనిది. చివరి శీర్షిక తప్పకుండా పెట్టించండి. డిగ్రీలో, ఆ పైన పరిశోధనలో అడిగేది సరిగ్గా ఇదే వరుస.

జవాబు రాయడం విడిగా నేర్పాలి. చర్చలో అదరగొట్టినవాడు కాగితం మీద "పేదవారికి అన్యాయం జరుగుతున్నది" అని రాసి ఆపేస్తాడు. నేను నేర్పే కొలత నాలుగు ముక్కలు: నా మాట, దానికి అంకె లేదా ఉదాహరణ, అవతలివారు ఏమంటారు, అయినా నా మాట ఎందుకు నిలుస్తుంది. అదే కౌలు మీద ఒక అమ్మాయి రాసింది: "కౌలు బస్తాల్లో కాకుండా పంటలో వాటాగా ఉండాలి. 32 బస్తాలు పండితే 14 బస్తాల కౌలు 44 శాతం, 24 పండితే 58 శాతం. యజమానికి ఖాయమైన రాబడి కావాలి కదా అనవచ్చు. కానీ వాన పడకపోవడం కౌలుదారు తప్పు కాదు." ఏ గైడ్‌లోనూ ఈ జవాబు దొరకదు, ఏ పేపరు దిద్దేవారూ దీనికి మార్కు తగ్గించరు.

జనవరి వచ్చాక మాత్రం పాత ప్రశ్నపత్రాలు, గడియారం పెట్టి రాయించడం, బిట్లు, పటాలు. దీనికి సిగ్గుపడనక్కర్లేదు. పరీక్ష కూడా చదవాల్సిన ఒక పాఠమే. ఏ అధ్యాయం నుంచి ఎన్ని మార్కులు వస్తున్నాయో పిల్లలతోనే పట్టిక వేయించండి. పరీక్ష దేన్ని అడుగుతోంది, దేన్ని అసలు అడగడం లేదు అన్నది వాళ్లే కనిపెడతారు.

ఐదో అడుగు: ఎడమ పేజీ, కుడి పేజీ

మన ద్విభాషా పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురుగా అదే పాఠం ఇంగ్లీషు. ఇంత విలువైన వస్తువును చాలా బడుల్లో సగం కుట్టేసి వాడుతున్నారు. ఇంటర్‌లో పిల్లలు జారిపడేది ఎక్కువగా ఈ రెండు పేజీల మధ్య సందులోనే.

ముందు తెలుగు పేరా చదివి చర్చించండి. తెలుగు పేజీని కాగితంతో మూసి, ఇంగ్లీషు పేరా చదివించండి. అర్థం ముందే తెలుసు కాబట్టి మాటల మీద దృష్టి పడుతుంది. పాఠానికి ఎనిమిది పదాలు చాలు. కౌలుదారుకు టెనెంట్, దిగుబడికి ఈల్డ్, వడ్డీకి ఇంట్రెస్ట్. ఈ పదాలను గోడ మీద రెండు భాషల్లోనూ ఉంచండి. తొమ్మిదో తరగతి రెండో సగం నుంచి వరుస తిప్పండి, ఇంగ్లీషు ముందు, తెలుగు తర్వాత.

వీటితో పాటు అడగడానికి కావలసిన నాలుగైదు ఇంగ్లీషు వాక్యాలు నాటకంలో సంభాషణల్లా బట్టీ పట్టించండి. నాకు ఈ మెట్టు అర్థం కాలేదు, మరోసారి చెప్పండి, ఈ మాటకు అర్థం ఏమిటి, ఈ సూత్రం ఎక్కడి నుంచి వచ్చింది. బట్టీ అంటే ముఖం చిట్లించే మిత్రులు మన్నించాలి. పొలం గట్టు మీద కూర్చున్న ఆ కుర్రవాడికి నేను ఈ వాక్యాలు ఇచ్చి ఉండాల్సింది.

ఆరో అడుగు: దారులు, ఫారాలు

పట్నంలో చదువుకున్న ఇంట్లో పిల్లలకు ఈ సంగతులు అన్నం తింటూ తెలుస్తాయి. మన పిల్లలకు బడి చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. తరగతివారీగా చూద్దాం.

ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ అనే జాతీయ స్కాలర్‌షిప్ పరీక్ష. మేధాశక్తి 90, పాఠ్యాంశాలు 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు మించకూడదు, ఏడో తరగతిలో 55 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 50) ఉండాలి. మేధాశక్తి ప్రశ్నలు మన పిల్లలు ఎన్నడూ చూసి ఉండరు, కాబట్టి ఏడో తరగతి వేసవిలోనే మొదలుపెట్టండి. ఎంపికయ్యాక కూడా పని ఉంది. ఏటా పోర్టల్‌లో పునరుద్ధరణ చేయాలి, పదిలో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55) రాకపోతే ఇంటర్‌లో ఆగిపోతుంది. ఈ రెండు ముక్కలు తెలియక పోగొట్టుకున్నవాళ్లను నేనే చూశాను.

తొమ్మిదిలో పేర్లు సరిచేయాలి. బడి రిజిస్టరులో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి వివరాల జాబితా) వెళ్లాక, మెమో అచ్చయ్యాక దిద్దించుకోవడం నరకం. నేను దీన్నే ఒక పాఠంగా చేస్తాను. ప్రతి పిల్లవాడూ తన పేరు ఎన్ని కాగితాల మీద ఎన్ని రకాలుగా ఉందో తెచ్చి పట్టిక వేయాలి. ఒక అమ్మాయి తండ్రి పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది. "మా నాన్నకు చదువు రాదు కదా, ఎవరు ఎలా రాస్తే అలా వేలిముద్ర వేశాడు" అంది. అక్షరం ఎవరి చేతిలో ఉంటే వారిదే అధికారమన్నది ఫ్రేరి చెప్పక్కర్లేకుండానే తరగతికి తెలిసిపోయింది. ఆ నెలలోనే దిద్దించాం.

పదిలో దారుల పటం. ఇంటర్‌తో పాటు పాలిసెట్ ద్వారా డిప్లొమా, గురుకుల జూనియర్ కాలేజీల ప్రవేశపరీక్షలు, ఐటీఐ, ఆడపిల్లలకు ఇంటర్ ఉన్న కస్తూర్బా విద్యాలయాలు. ఇక ట్రిపుల్ ఐటీలు: ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఏర్పడిన నూజివీడు, ఇడుపులపాయ, 2016లో వచ్చిన ఒంగోలు, శ్రీకాకుళం, తెలంగాణలో 2008 నాటి బాసర. పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల చదువులో సీటు. పైగా ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడుల పిల్లలకు వెనుకబాటు లెక్క కింద అదనపు స్కోరు కలుపుతారు. మన బడి పిల్లలకు ఇంతకంటే సూటి దారి లేదు. అందుకే పై మార్కులు వచ్చే అవకాశమున్న పిల్లలకు ఈ సంగతి పదో తరగతి జూన్‌లోనే చెప్పాలి, ఫలితాల రోజున కాదు. కుల, ఆదాయ ధ్రువీకరణలకు సచివాలయానికో మీసేవకో వెళ్లేది మార్చికి ముందే. ఆరో తరగతి నుంచి చదివిన ప్రతి చోటి స్టడీ సర్టిఫికెట్ స్థానికత కోసం తెప్పించి పెట్టాలి.

ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్నది మాత్రం మీరు చెప్పకండి. ఆ గ్రూపులో చదివిన పాత విద్యార్థులను నలుగురిని పిలిపించండి, తప్పినవాడిని కూడా. తప్పినవాడిని పిల్లలు ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు.

ఏడో అడుగు: ఇంటికి వెళ్లడం

ఆడపిల్లల చదువు ఆగిపోవడానికి మీటింగుల్లో చెప్పే కారణాలు వేరు, అసలు కారణం బస్సు. దీన్ని పట నైపుణ్యం పాఠంగా చేశాం. ఊరి చుట్టూ ఉన్న జూనియర్ కాలేజీలు, దూరం, మొదటి బస్సు, చివరి బస్సు, హాస్టల్ ఉందా లేదా, ఇవన్నీ ఒక పటం మీద పెట్టారు. దగ్గరి కాలేజీకి ఉదయం బస్సు మొదటి పీరియడ్ మొదలయ్యాక చేరుతోంది. తెలుగు పరీక్షలో లేఖ ఎలాగూ రాయాలి కదా, డిపోకు నిజమైన లేఖే రాయించాం. జవాబు రాలేదు. రెండోసారి విద్యా కమిటీ తీర్మానం జతచేసి పంపాం. ఉదయం బస్సు ఇరవై నిమిషాలు ముందుకు జరిగింది. సాయంత్రం బస్సు జరగలేదు. దానికి ఇంకా రాస్తూనే ఉన్నారు.

తల్లిదండ్రుల దగ్గరికి ఆ పటం పట్టుకుని వెళ్లండి, సాయంత్రం ఏడు తర్వాత, పనుల నుంచి వచ్చాక. ముందు అమ్మతో మాట్లాడండి. "అమ్మా, మీ అమ్మాయి బాగా చదువుతుంది" అన్న మాట ఏ ఇంట్లోనూ పెళ్లి సంబంధాన్ని ఆపలేదు. ఏ కాలేజీ, ఎన్ని గంటలకు బస్సు, ఎంత ఖర్చు, ఎంత తిరిగి వస్తుంది, అదే ఊరి నుంచి ఇంకెవరు వెళ్తున్నారు, ఇవి చెప్పండి. కాగితం మీద రాసి ఇవ్వండి. అమ్మాయి చేతే చదివించండి.

ఎనిమిదో అడుగు: అక్టోబరు ఫోను

చాలా బడుల్లో ఫలితాల ఫ్లెక్సీతో పని అయిపోతుంది. పదో తరగతి పిల్లల ఫోను నంబర్లు ఒక పుస్తకంలో రాసుకుని, ఇంటర్ మొదటి ఏడాది దసరా సెలవుల్లో ప్రతి ఒక్కరికీ ఫోను చేయండి. ముప్పై మందికి రెండు సాయంత్రాలు పడుతుంది. మార్కులు అడగకండి. స్కాలర్‌షిప్ ఫారం వేశావా, గదిలో నీతో ఎవరు ఉంటున్నారు, ఈ నెలలో తరగతిలో ఏం అడిగావు, ఈ మూడు చాలు. ఎవరైనా మూడో ప్రశ్నకు తడబడితే మరుసటి రోజు ఇంటికి వెళ్లండి. సెలవులు ముగిసేలోపే వెళ్లాలి.

పోయిన ఏడాది అలా ఫోను చేసినప్పుడు, వడ్డీ లెక్క దగ్గర పాఠ్యపుస్తకాన్ని ఆపేసిన కుర్రవాడు ఎత్తాడు. ఫిజిక్స్ సార్‌ను ఒక సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాడట. తర్వాత చెబుతానన్నారట.

"చెప్పారా?"

"ఇంకా లేదు సార్. సోమవారం కాలేజీ తెరుస్తారు. మళ్లీ అడుగుతాను."